ఆ గిటారు మనదేనా?

‘హ్యాపీడేస్‌’ పాటలొచ్చి రెండు దశాబ్దాలు కావస్తోంది. అద్భుతమన్నవాళ్లున్నారు. అన్నీ ఒకేలా ఉన్నాయన్నవాళ్లున్నారు. అసలవి మన కాలేజీ పాటలే కావు పొమ్మన్నవాళ్లూ ఉన్నారు. ఓరుగల్లు హాస్టళ్లలో మొదలైన ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

మీద పడే డప్పుల మోత లేదు. హీరోగారు వస్తున్నారని చాటే బాకాల్లేవు. పక్క గదిలో ఎవరో గోడకు చేరగిలపడి, తీరిగ్గా గిటారు తీగలు మీటుకుంటున్నట్టు ఉంటుంది. ఆ మీటుడు మీదే కార్తీక్‌ గొంతు... అరవకుండా, పక్కనున్న స్నేహితుడికి ఏదో చెప్పుకుంటున్నట్టు. ‘అరెరె అరెరె’ పాట అది.

2007 చివర్లో హన్మకొండ, కాజీపేట వైపు ఏ విద్యార్థి గదిలోకి తొంగిచూసినా ఆ పాటే. కంప్యూటర్‌ ఉన్నవాడి గదే అందరికీ థియేటర్‌. ఎంపీ3 సీడీలు చేతులు మారుతున్న రోజులు. బ్లూటూత్‌ ఉన్న సెల్‌ఫోన్‌ ఒక్కటుంటే చాలు... రాత్రికి రాత్రి అంతస్తు మొత్తానికీ పాటలు పాకిపోయేవి. మెస్సులో, స్టడీ అవర్లో, ఆఖరికి ఎక్జామ్‌ హాల్‌ బయట కూడా ఎవరో ఒకరు ఈల వేస్తూనే ఉండేవారు.

అంతమంది విన్నారు కదా, అందరికీ నచ్చిందా అంటే... అక్కడే ఉంది అసలు కథ.

ఇంజినీర్ల ఊళ్లో ఇంజినీరింగ్‌ పాట

శేఖర్‌ కమ్ముల హైదరాబాద్‌ సీబీఐటీలో ఇంజినీరింగ్‌ చదివినవాడు. కెమెరా పట్టాక కూడా ఆ నాలుగేళ్లను మర్చిపోలేదు. ర్యాగింగ్‌తో మొదలై వీడ్కోలుతో ముగిసే నాలుగేళ్ల బీటెక్‌ జీవితమే ‘హ్యాపీడేస్‌’. అంతకుముందు ఆయన తీసిన ‘ఆనంద్‌’ (2004), ‘గోదావరి’ (2006) సినిమాలకు కె.ఎం.రాధాకృష్ణన్‌ సంగీతం. ఆ పాటల్లో మన రాగాల వాసన గుప్పుమనేది. ఆ రెండు సినిమాలూ చూసి, ఈసారీ అలాంటి విందే అనుకున్నవాళ్లకు ‘హ్యాపీడేస్‌’లో గిటారు ఎదురైంది. సంగీతం మిక్కీ జె మేయర్‌. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని కుర్రాడు. పాటలు రాసింది వేటూరి, వనమాలి. వేటూరికి అప్పుడు 71 ఏళ్లు! మనవళ్ల వయసు పిల్లల సినిమాకు ఆ వయసులో కలం పట్టాడాయన.

మరి ఈ సినిమా పాటల గురించి వరంగల్‌లోనే ఎందుకంత చర్చ? ఊరు చూస్తే తెలుస్తుంది. దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజినీరింగ్‌ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే, 1959 అక్టోబరులో. ఆ ఆర్‌ఈసీయే 2002లో ఎన్‌ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1980లో ఎర్రగట్టు గుట్ట దగ్గర కిట్స్‌ మొదలైంది. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలు ఒకదాని వెంట ఒకటి. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్‌ విస్తరించాక ఇక చెప్పనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్‌ కళాశాలల సంఖ్య 700 దాటింది. పొద్దున ఎనిమిదింటికి హన్మకొండ చౌరస్తాలో నిలబడితే రంగురంగుల కాలేజీ బస్సులే బస్సులు. ఇంజినీరింగ్‌ కుర్రాళ్ల మీద సినిమా వస్తే ఇలాంటి ఊరు ఊరుకుంటుందా!

ఇంకో సంగతీ ఉంది. అప్పటికి వరంగల్‌కు సొంత సంగీత దర్శకుడున్నాడు. మహబూబాబాద్‌ దగ్గరి కంబాలపల్లి కుర్రాడు చక్రి. ‘బాచి’ (2000)తో వచ్చి, ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’ (2001), ‘ఇడియట్‌’ (2002), ‘సత్యం’ (2003)లతో రాష్ట్రాన్ని ఊపేశాడు. ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’లో ‘మళ్లి కూయవే గువ్వా’ రాసిన కందికొండ కూడా నర్సంపేట వైపు నాగుర్లపల్లివాడే. ఆయన తొలి సినిమా పాట అది. కాబట్టి ఇక్కడి కుర్రాళ్ల చెవి అప్పటికే ఒక రకంగా తయారై ఉంది. పాటన్నాక దరువుండాలి, కాలు కదలాలి, పల్లవి ఒక్కసారి వింటే నోటికి రావాలి. ‘హ్యాపీడేస్‌’ ఈ లెక్కలన్నీ తప్పేసింది. ‘ఇదేం పాట, లేవదేంటి?’ అని పెదవి విరిచినవాళ్లను తప్పుపట్టలేం.

గలగలల వెనక కథ

ఆ గిటారు మోత కాస్త విడిగా చెప్పుకోవాలి. ఇంగ్లిషు సంగీతంలో దీనికి ‘జాంగిల్‌’ అని పేరు. జంగిల్‌ కాదు సుమండీ... జాంగిల్‌! తాళంచెవుల గుత్తి ఊపితే వచ్చే గలగల లాంటిది. తీగను మీటి వెంటనే నొక్కేయకుండా మోగనిస్తారు. అది మోగుతుండగానే పక్క తీగ, దాని మీద ఇంకోటి. ఒక నాదంలోకి ఇంకో నాదం జారిపోతుంది. తంబురాలోనూ వీణ పక్కనుండే తాళపు తీగల్లోనూ మనకు తెలిసిన సుఖమే ఇది. కాకపోతే హుషారుగా ఉంటుంది.

దీనికి ఊపునిచ్చింది పన్నెండు తీగల గిటారు. మామూలు గిటారుకు ఆరు తీగలైతే దీనికి ఆరు జతలు. లావు తీగల జతల్లో ఒకటి కింది స్థాయిలో, ఇంకొకటి పై స్థాయిలో పలుకుతుంది. అందుకే ఒక్కరు వాయించినా ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. 1964లో బీటిల్స్‌ సినిమా ‘ఎ హార్డ్‌ డేస్‌ నైట్‌’లో జార్జ్‌ హారిసన్‌ చేతిలో రికెన్‌బ్యాకర్‌ కంపెనీ పన్నెండు తీగల గిటారు చూసి అమెరికాలో రోజర్‌ మెగ్విన్‌ మనసు పారేసుకున్నాడు. తనూ ఒకటి కొన్నాడు. మరుసటేడే ఆయన బృందం ‘ది బర్డ్స్‌’ ఆ మోతతో దుమ్ము రేపింది.

ఆ గలగలను మళ్లీ లేపింది మాంచెస్టర్‌ కుర్రాళ్లు. 1982లో పుట్టిన ‘ది స్మిత్స్‌’ బృందంలో గిటారిస్టు జానీ మార్‌కు అప్పటికి ఇరవై కూడా నిండలేదు. మాంచెస్టర్‌ అంటే ఒకప్పుడు బట్టల మిల్లుల నగరం. ఆ మిల్లులు మూతపడి, కుర్రాళ్లకు పనుల్లేక ఊరు దిగాలుగా ఉన్న రోజులవి. వరంగల్‌ వాళ్లకిది కొత్తగా చెప్పాలా... 1934 నాటి ఆజంజాహి మిల్లు ఏమైందో కళ్లారా చూశారు కదా.

స్మిత్స్‌ పాటల తమాషా ఏంటంటే గిటారు గలగలా నవ్వుతుంటుంది, పాట మాత్రం ఏడుస్తుంటుంది. దాంతో శ్రోతలు రెండుగా చీలిపోయారు. గాయకుడు మోరిస్సీ పాడటం లేదు, మూలుగుతున్నాడన్నారు కొందరు. తమ గదిలోకి వచ్చి తమ గోడు చెప్పాడని ఇంకొందరు గుండెకు హత్తుకున్నారు. 1986లో వచ్చిన ‘ది క్వీన్‌ ఈజ్‌ డెడ్‌’ ఆల్బమ్‌ బ్రిటన్‌ జాబితాలో రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. అదే ఆల్బమ్‌ని 2013లో ‘ఎన్‌ఎంఈ’ పత్రిక ఎప్పటికీ అత్యుత్తమమైన ఆల్బమ్‌గా మొదటి స్థానంలో పెట్టింది. ఇరవయ్యేడేళ్లు పట్టింది మరి! ఆల్బమ్‌ మారలేదు. 1986లో కుర్రాళ్లుగా విన్నవాళ్లు ఈలోగా పెద్దవాళ్లయ్యారు.

‘హ్యాపీడేస్‌’ ఆ ఇంటి పాట అని ఎవరూ అనరు. ఇది సినిమా పాట, మిక్కీ సినిమా సంగీత దర్శకుడు. కానీ గిటారును తాలింపుగా కాకుండా అన్నంగా వడ్డించడంలో ఇది దానికి దగ్గరి చుట్టమే. గిటారు మన సినిమాలకు కొత్తేం కాదు. ఇళయరాజా స్వయంగా గిటారిస్టు. ఆయన పాటల్లో అది ఎంత అందంగా వస్తుందో తెలిసిందే. కాకపోతే అక్కడ నలభైమంది వాయిద్యకారుల్లో గిటారు ఒకరు. ఇక్కడ ఇంటి పెద్ద.

‘అన్నీ ఒకేలా ఉన్నాయి’

ఆ రోజుల్లో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఇదే. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైనా తెలియట్లేదని. సంగీతం నేర్చుకున్నవాళ్లు, ‘ఆనంద్‌’ పాటలను గుండెల్లో దాచుకున్నవాళ్లు ఈ మాట మరీ గట్టిగా అన్నారు. రాగం ఏదో పట్టుకుందామంటే దొరకదు, గమకం లేదు, స్వరం ఎక్కడా వంకర తిరగదు, నేరుగా వచ్చి నేరుగా పోతుంది... ఇదీ వాళ్ల బాధ. మరుసటేడు ‘కొత్త బంగారు లోకం’ వచ్చినప్పుడు ‘చూశారా, మళ్లీ అవే’ అన్నారు. అప్పట్నుంచీ మిక్కీ మీద ఈ ముద్ర పడిపోయింది. పదేళ్ల తర్వాత 2018లో ‘మహానటి’ వచ్చేదాకా పూర్తిగా వదల్లేదు.

నిజం చెప్పాలంటే ఆ ఫిర్యాదులో పస ఉంది. పాటలన్నీ ఇంచుమించు ఒకే రంగులో ఉంటాయి. అయితే ఆ లోపమే ఇంకొకరికి వరమైంది. సినిమా ఆడియో అంటే మనకో పద్ధతుంది కదా... ఒక హీరో పరిచయం, రెండు డ్యూయెట్లు, ఒక విషాదం, ఒక మాస్‌. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకుని మిగతావి పక్కన పడేస్తారు. ‘హ్యాపీడేస్‌’ని అలా ఏరలేం. ఒకటి పెడితే చివరిదాకా నడిచిపోతుంది. రాత్రిళ్లు చదువుకునేటప్పుడు వెనక పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలన్నారు హాస్టల్‌ వాళ్లు. ఇంగ్లిషువాళ్లు ఆల్బమ్‌ అనేది ఇలా వినే వస్తువునే.

ఇంకో లాభం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఈ పాటలు ఎవరైనా పాడొచ్చు! బాలు పాటందుకోవాలంటే బాలు అయి ఉండాలి. ఈ పాటల్లో గొంతు మరీ పైకి పోదు, మరీ కిందికి దిగదు. శ్రుతి కాస్త అటూఇటూ అయినా నలుగురూ కలిసి పాడితే కప్పడిపోతుంది. నాలుగైదు కార్డ్స్‌ నేర్చుకున్నవాడు ఆ నలుగురి మధ్యా రాజు. అందుకే చాలా ఇళ్లలోకి అప్పుడే గిటారు వచ్చింది. ఇంటికి ఫోన్‌ చేసి రికార్డులకు, పుస్తకాలకు అని అబద్ధం చెప్పి డబ్బు కూడబెట్టి కొన్న గివ్సన్‌ గిటార్లు ఎన్నో. వాటిలో సగం మూడో నెలకే మంచం కిందకు చేరాయనుకోండి, అది వేరే సంగతి. వేళ్ల చివర బొబ్బలొస్తాయని పాటలో చెప్పరు కదా!

ఎన్‌ఐటీ హాస్టళ్ల గొడవ మరోటి. అక్కడ సగం సీట్లు ఇక్కడివాళ్లవి, సగం బయటి రాష్ట్రాలవాళ్లవి. పింక్‌ ఫ్లాయిడ్‌, మెటాలికా వింటూ వచ్చినవాళ్లకు ఇది ‘నీళ్లు కలిపిన’ రాక్‌. తెలుగు పిల్లలకు మాత్రం, అర్థంకాని ఇంగ్లిషు పాటకు తల ఊపాల్సిన అవస్థ తప్పి, అలాంటి మోతే తమ భాషలో దొరికింది. ఇందులో ఎవరు రైటంటే ఇద్దరూ రైటే. పాలు చిక్కగా లేవన్న మాట నిజం, పిల్లాడికి అరిగిందన్న మాటా నిజం.

ఇళ్లలో పెద్దల పేచీ ‘యాకుందేందు’ దగ్గర వచ్చింది. బడిలో చేతులు కట్టుకుని చదువుకున్న సరస్వతీ ప్రార్థనను ప్రణవితో కొత్త బాణీలో పాడించాడు మిక్కీ. శ్లోకానికి ఈ వాయిద్యాలేంటని నొసలు చిట్లించినవాళ్లున్నారు. ఉచ్చారణ చెడలేదు, భక్తీ తగ్గలేదు, పిల్లలు ఆ శ్లోకాన్ని ఇష్టంగా పాడుతున్నారు, ఇంకేం కావాలన్నవాళ్లూ ఉన్నారు. ఈ పేచీలో మొగ్గు రెండోవాళ్ల వైపే.

మా కాలేజీ ఇలా ఉండదు

అసలు దెబ్బ సంగీతం వైపు నుంచి రాలేదు. ‘ఈ కాలేజీ ఎక్కడుంది?’ అన్న ప్రశ్న నుంచి వచ్చింది.

ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చి, సంక్షేమ హాస్టల్లో ఉంటూ, తెలుగు మీడియంలో డిగ్రీ చదివే కుర్రాడికి ఆ క్యాంటీన్లూ ఆ బైకులూ ఆ పచ్చిక మైదానాలూ పరాయివే. సినిమాలో మెస్‌ బిల్లు కట్టలేక తల దించుకునేవాడు కనిపించడు. స్కాలర్‌షిప్‌ రాక హాల్‌టికెట్‌ ఆగిపోయినవాడు కనిపించడు. గిటారు కూడా ఆ పరాయి ప్రపంచపు వస్తువే అనిపించింది. డప్పు, ఒగ్గుడోలు వింటూ పెరిగిన చెవికి అది డబ్బున్నవాళ్ల చప్పుడు. పాట బాగుందా లేదా అన్నది కాదు వాళ్ల లెక్క. ఇందులో నేనున్నానా అన్నదే. పాట నచ్చినవాళ్ల లెక్క కూడా లోలోపల అదే. తామున్నామనుకున్నారు కాబట్టే మురిసిపోయారు. వరంగల్‌లో ‘హ్యాపీడేస్‌’ మీద ఎవరేం మాట్లాడినా చివరికి తేలేది వాళ్ల చదువుల గురించీ ఇళ్ల గురించీ ఊళ్ల గురించే.

రెండేళ్లు తిరిగేసరికి చప్పుడే మారిపోయింది. 2009 నవంబరు 29న కేసీఆర్‌ దీక్ష మొదలవడం, డిసెంబరు 9న ప్రకటన, ఆ వెంటనే వెనకడుగు... కాకతీయ విశ్వవిద్యాలయం ఉద్యమ కేంద్రమైంది. తరగతి గదులకు తాళాలు పడ్డాయి. వేదికల మీద ధూంధాం. గోచీ, గొంగడి, గజ్జెలు, డప్పు. విద్యార్థులంతా కలిసి పాడుకునే పాటలిప్పుడు వేరు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. అప్పుడు గిటారు పక్కకు తప్పుకుంది. అలాగని ఫోన్లలోంచి ఎవరూ ‘హ్యాపీడేస్‌’ చెరిపేయలేదు. పగలంతా ర్యాలీలో డప్పుకు గొంతు కలిపి, రాత్రి చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌ పెట్టుకుని ‘అరెరె’ విన్నవాళ్లు అదే హాస్టళ్లలో ఉన్నారు. ఇందులో వింతేమీ లేదు. మనిషికి రెండు చెవులూ ఉంటాయి, రెండు పూటలూ ఉంటాయి.

ఇంజినీరింగ్‌ వైపువాళ్లకూ రోజులు అంత హ్యాపీగా ఏం గడవలేదు. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్‌ బ్రదర్స్‌ కుప్పకూలింది. ఆ దెబ్బ కాజీపేట దాకా తగిలింది. 2009లో బీటెక్‌ పూర్తిచేసినవాళ్లలో ఎంతోమంది చేతిలో ఆఫర్‌ లెటర్‌ ఉంది, అందులో చేరే తేదీ లేదు. ఆ ఏడాది ఫేర్‌వెల్‌లో ‘ఓ మై ఫ్రెండ్‌’ పాడినప్పుడు చాలామంది గొంతులు పూడుకుపోయాయంటే పాట గొప్పతనం ఒక్కటే కారణం కాదు. అంతకుముందు పదేళ్లూ ఫేర్‌వెల్‌ అంటే ‘ప్రేమదేశం’ (1996)లోని ‘ముస్తఫా ముస్తఫా’యే. రెహమాన్‌ పాటను పక్కకు జరిపి ఆ కుర్చీలో కూర్చోవడమంటే మాటలు కాదు. ‘ఓ మై ఫ్రెండ్‌’ కూర్చుంది.

ఇక్కడ మళ్లీ స్మిత్స్‌ గుర్తొస్తారు. మోగే తీగల్లో ఉన్న గుట్టు ఇదే. సంతోషంగా ఉన్నప్పుడు వింటే గజ్జెల్లా ఉంటుంది. అదే మోత, అందరూ సామాన్లు సర్దుకుంటున్న గదిలో వింటే ఇంకోలా ఉంటుంది. తీగ మోగుతూ మోగుతూ సన్నగిల్లిపోవడం అప్పుడు వినిపిస్తుంది. డప్పు అలా కాదు, కొట్టిన క్షణంలోనే చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంటుంది.

పదిహేడేళ్ల తర్వాత మళ్లీ...

మంచో చెడో, ఆ ఏడాది లెక్కల్లో మాత్రం ‘హ్యాపీడేస్‌’ గెలిచింది. 2007కు ఉత్తమ సంగీత దర్శకుడిగా మిక్కీకి నందితో పాటు ఫిల్మ్‌ఫేర్‌ కూడా వచ్చింది. సినిమా మలయాళంలోకి డబ్బయితే కేరళ కుర్రాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. కన్నడంలో ‘జాలీడేస్‌’గా, తమిళంలో ‘ఇనిదు ఇనిదు’గా మళ్లీ తీశారు. వేటూరి 2010 మేలో కన్నుమూశాడు. చక్రి 2014 డిసెంబరులో నలభయ్యేళ్లకే వెళ్లిపోయాడు. కందికొండ 2022 మార్చిలో. వరంగల్‌ వాళ్లు ఇప్పుడు చక్రి పాటను, మిక్కీ పాటను పోటీ పెట్టి మాట్లాడుకోవడం తగ్గిపోయింది. ‘ఇడియట్‌’ పాటల తర్వాత ‘హ్యాపీడేస్‌’ పాటలు వరసగా పెట్టుకుని వింటున్నారు. ఒకప్పుడు ఆ రెంటికీ పడేది కాదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

2024 ఏప్రిల్‌లో ‘హ్యాపీడేస్‌’ మళ్లీ థియేటర్లకు వచ్చింది. 2007లో ఫస్టియర్‌లో ఉన్నవాళ్లకు అప్పటికి ముప్పయ్యయిదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో కాపురాలు, ఇంటి వాయిదాలు, కాస్త పొట్ట. ములుగు వైపు నుంచి వచ్చి సంక్షేమ హాస్టల్లో చదివినవాళ్లూ ఉపాధ్యాయులై, ప్రభుత్వోద్యోగులై, హన్మకొండలోనే స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలిప్పుడు ఇంగ్లిషు మీడియం. వాళ్లలో కొందరు గిటారు క్లాసులకూ వెళ్తున్నారు.

కొత్తగా గిటారు పట్టిన తెలుగు పిల్లలకు నేర్పడానికి సులువైన పాట కావాలంటే ఇప్పటికీ ‘హ్యాపీడేస్‌’ దగ్గరికే వెళ్తారు. కార్డ్స్‌ తక్కువ, వేగం తక్కువ. పిల్లాడు సాయంత్రం పూట గదిలో కూర్చుని తడుముకుంటూ అదే మీటుతుంటాడు. తీగ సరిగ్గా నొక్కక ‘టప్‌’మంటుంది. మళ్లీ మొదట్నుంచి. హాల్లో పేపరు చదువుకుంటున్న నాన్న ఒకప్పుడు ‘ఇది మన పాట కాదు’ అన్నవాడే కావొచ్చు. పేపరు దించకుండానే, ‘నెమ్మదిగా... అక్కడ అంత తొందరుండదు’ అని లోపలికి వినపడేలా అంటాడు.